మోచేతి మీది భూదేవి

న్యూ టౌన్, కోల్‌కతా
2025 ఆగస్టు 17, ఆదివారం

సౌజన్యకి,

ఇక్కడ మా ఇంట్లో అందరం కులాసా. పుణేలో నువ్వు ఇంకా కులాసాగా ఉన్నావని నీ ఫొటోలే చెబుతున్నాయి. మొన్న బస్సులో మీ అమ్మగారు కనిపించారు. నీకక్కడ మంచి చేపలు దొరకడం లేదని దిగులుపడ్డారు. వరాహ జయంతికి టికెట్ తీసుకున్నావట.

ఆ రోజుకని మన తెలుగు సంఘం చేయిస్తున్న విగ్రహం ఎలా వచ్చిందని అడిగావు. ఫోనులో అయితే నువ్వు నవ్వుతావు, నేను మాట మార్చేస్తాను. అందుకే రాస్తున్నాను.

బాగా వచ్చింది. నిన్న సంఘం వాళ్లతో సంత్రాగాఛి వెళ్లాను, రైల్వే క్వార్టర్ల వెనక జయదేవ్ బొమ్మలు చేసే షెడ్డుకి. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. వరాహస్వామి ఎడమ మోచేతి మీద భూదేవి. బంగారయ్య తాతగారు చూడగానే, ఇదేటి దాదా, అమ్మవారు తొడ మీదుండాల గానీ మోచేతి మీదేటి, జారిపోదా అన్నారు. అందరూ నవ్వారు. ఇటువైపు పాత రాతి విగ్రహాల్లో ఇలాగే ఉంటుంది తాతా, సౌజన్య చెప్పింది అన్నాడు జయదేవ్.

నీకు చెప్పింది నేను. మ్యూజియంలో అలాంటి రాతి వరాహం ముందు నిలబడి చెప్పాను. నువ్వప్పుడు ఫోను చూసుకుంటున్నావు.

అప్పలకొండమ్మ పిన్ని వంగి చూసి, ఓలమ్మో, ఇది మన సౌజన్య కాదేటి అంది. నువ్వే. బుగ్గ మీది సొట్టతో సహా. పుణే వెళ్లే ముందు నువ్వు బొమ్మ కోసం జయదేవ్ ఎదుట కూచున్న ఆ కాసేపట్లోనే ఎంత చూశాడు! స్వామి అంత బరువైన మూతి పైకెత్తి నీకేసే చూస్తున్నాడు, లోకంలో ఇంకేమీ లేనట్టు. నీళ్లలోంచి ఎత్తుకొచ్చిన లోకమే నువ్వు కదా అక్కడ.

నిమ్మకాయంత ముఖం. దానికే కుళ్లుకున్నాను. దండం పెట్టుకోబుద్ధి కాలేదు. స్కూల్లో సిస్టర్లు నిలబెట్టినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. సౌజన్య జయంతికి వస్తుందా అని జయదేవ్ నన్నే అడిగాడు. తెలియదన్నాను.

నిన్ను రావద్దని రాయాలని ఉంది. రాయడం లేదు.

ఇంకా నీ స్నేహితురాలినే అనుకుంటున్న,
మైథిలి

తా.క. ఒక సంగతి దాచాను. ఆ ముఖం కోసం అతను మొదట అడిగింది నన్ను. మా లిఫ్టు దగ్గర, తల దించుకుని. నేను లిఫ్టు బటన్ నొక్కాను. సౌజన్యని అడగండి అన్నాను. ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. ఒకసారే అడిగే మనిషని నాకేం తెలుసు?

భూదేవి కుడిచేతికి వేళ్లు ఇంకా పెట్టలేదు. ఆ చెయ్యి స్వామి మూతి మీద ఆనాలి. ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటే సంత్రాగాఛి వెళుతున్నాను. అతను అడక్కపోయినా నా చెయ్యి ముందుకు పెడతాను.

నువ్వు రా. ముఖం నీదే, ఎవరూ మార్చరు. ఆ వేళ్లు ఎవరివో చూసి చెప్పు.