గీత ముందుకు జరిగిన ఫొటోలు

సుంగై సుమున్,
శుక్రవారం.

నా బంగారు చెల్లి యోగేశ్వరికి,

అమ్మవారి చల్లని చూపు నీ మీద ఉండాలి. ఫోన్ చేస్తే తియ్యడం లేదు, అందుకని కాగితం మీద రాస్తున్నాను. నీచేత అక్షరాలు దిద్దించింది నేనే. చివరిదాకా చదువు. కవరులో ఒక ఫొటో ఉంది, దాన్ని మాత్రం ఉత్తరం అయ్యాకే చూడు.

మొన్న మంగళవారం పొద్దున్న. ఎప్పటిలాంటి పొద్దునే. స్నానం చేసి దీపం వెలిగించాను. పెరట్లో మందారాలు కోసి పటం ముందు పెట్టి, అమ్మవారి నామాలు చదువుకున్నాను. పక్కింటి కోళ్లు అరటి మొక్కల్లోకి వస్తే తోలాను. మబ్బు చూసి బట్టలు లోపల వేశాను. వాన రాలేదు, మళ్లీ ఆరేశాను. తమ్ముడు జయకుమార్ స్టూడియోకి వెళ్తూ మోటార్‌సైకిల్ దగ్గర్నుంచి కేకేశాడు: “అప్పా, గుడి కుంభాభిషేకం ఫొటోలు కంప్యూటర్లోంచి తీసెయ్యవా? పెళ్లి ఫొటోలకి సోటు కావాల.”

వాడి కూతురి పెళ్లికి ఫొటోలు ఎవరు తీస్తారని నేను అడగలేదు. ఇపో టౌన్లో ఎవరో ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడి వచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు.

నువ్వు తీసిన ఆ గుడి ఫొటోలు ప్రింటై వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను, యోగీ. అమ్మవారి ఎర్రచీర ఇటుక రంగులో ఉంది. ముఖాన కుంకుమ వెలిసిపోయినట్టుంది. కమిటీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాపాత్తి పెద్దమ్మ మాత్రం నోరు ఊరుకోలేదు. “కెమెరాలో ఎర్రగానే ఉన్నాది. కాయితం మీదికి వచ్చీసరికి మాసిపోనాది. మొగుడొగ్గేసిన సెయ్యి మరి. అమ్మోరు ఒప్పుకుంటాదేటి?” అంది. నువ్వు కెమెరా తుడిచి బీరువాలో పెట్టి, ఆ వారమే సుంగై పెటానిలో ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయావు. పెళ్లికి వచ్చినా పందిట్లోకి రానని, భోజనాల దగ్గరే ఉంటానని పెళ్లికూతురు లోగేశ్వరికే చెప్పావట. ఆ పిల్ల నా దగ్గర ఏడ్చింది.

తమ్ముడు చెప్పాడు కదా అని తీసెయ్యడానికే కూర్చున్నాను. చివరిసారి దణ్ణం పెట్టుకుందామని ఒక్కొక్కటీ తెరిచాను. తెర మీద అమ్మవారు మండుతున్నట్టు ఎర్రగా ఉంది. ఇంత ఎరుపు ఎక్కడికి పోతుంది? అప్పుడు కింద ఫొటోల పేర్లు చూశాను. నువ్వు ముందు తీసిన పెళ్లిళ్లవన్నీ డీ, ఎస్, సీ అని మూడక్షరాలు, అడుగున ఒక గీత, తర్వాత నాలుగంకెలు. గుడి ఫొటోలకు మాత్రం ఆ గీత మధ్యలో లేదు. అన్నిటికన్నా ముందుకు వచ్చి కూర్చుంది. ఒక్కదానికి కాదు, అన్నిటికీ. రోజూ నామాలు చదివేదాన్ని, పేరులో ఒక్క గుర్తు చోటు మారినా నా కంటికి తగులుతుంది. ఊరికే మారదని కూడా అనిపించింది.

బీరువాలోంచి కెమెరా తీశాను. నీ వస్తువు ముట్టుకున్నాను, ఏమీ అనుకోకు. కుంకుమ భరిణ కిటికీ దగ్గర పెట్టి ఫొటో తీశాను. పేరుకు గీత ముందే వచ్చింది. మెనూలో ఒక్కొక్కటీ చూస్తూ వెళ్లాను. కలర్ స్పేస్, అంటే రంగుల అమరిక, అన్న చోట రెండే ఉన్నాయి, ఎస్‌ఆర్‌జీబీ అని ఒకటి, అడోబీ ఆర్‌జీబీ అని ఒకటి. నువ్వు రెండోదానిలో పెట్టి ఉంచావు. మొదటిదానికి మార్చి, అదే భరిణను అక్కడే మళ్లీ తీశాను. గీత మధ్యకు వెళ్లిపోయింది!

మీ బావ బస్సు దాకా దింపారు. తెలుక్ ఇంతాన్‌లో మనం ప్రింట్లు వేయించే మణియం దగ్గరికి గుడి ఫొటో కూడా పట్టుకెళ్లి, ముందు భరిణవి రెండూ వేయించాను. ఒకటి ఎర్రగా వచ్చింది. గీత ముందున్నది ఇటుక రంగులో వచ్చింది. మణియం గబగబా తమిళంలో చెప్పిందంతా నాకు అర్థమైనంతవరకు ఇది: నువ్వు పెట్టిన అమరికలో ఎక్కువ రంగులు పడతాయి. అతని యంత్రం మాత్రం వచ్చిన ప్రతి ఫొటోనూ మామూలు అమరికే అనుకుని చదువుతుంది. ముందు మార్చి వెయ్యాలి. ఆ మాట అందరికీ తెలియాలనే కెమెరా గీతను పేరు ముందు పెడుతుంది. ఎవరూ చూడలేదంతే. అతను అక్కడే మార్చి గుడి ఫొటో వేశాడు. కాగితం బయటికి వస్తుంటే చేతులు జోడించాను. మణియం కూడా జోడించాడు.

సాయంత్రం పెళ్లి మాటలకి అందరూ ఇంట్లో చేరారు. భరిణ ఫొటోలు రెండూ చాప మీద పెట్టాను. పెద్దమ్మ మాసినదాన్ని తీసుకుని, “ఇదీ యోగేశ్వరే తీసినాదా?” అంది.

“కాదు పెద్దమ్మా. నాను తీసినాను, పొద్దున్న.”

“నువ్వా?”

“నాకు మొగుడున్నాడు కదా. మరి ఈ కుంకుమెందుకు మాసిపోనాది?”

మీ బావ దగ్గారు. అప్పుడు అమ్మవారి ఫొటో పెట్టాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఫొటో కళ్లకద్దుకుంది. “నాకీ మిసన్ల సంగతేటి తెలుస్తాదే?” అని గొణిగింది.

“సెయ్యి సంగతి బాగా తెలుసు కదా, అవ్వా!” అంది లోగేశ్వరి. నాలుగు ముక్కలు కలిపి తెలుగు మాట్లాడని పిల్ల! “అత్త లేకపోతే నాకు పెళ్లి వద్దు లాహ్” అని కూడా అంది, ఇక్కడి పిల్లల యాసలో. పెద్దమ్మే ముందు నవ్వేసింది. “పిలండర్రా దాన్ని. నాను అనేసిన మాట నానే తీసుకుంటాను, దాని ఎదుటే” అంది.

జయకుమార్ లేచి, అందరి ముందే ఇపో అతనికి ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించినది రాస్తున్నాను. పసుపు కొట్టిన దగ్గర్నుంచి అప్పగింతల దాకా పందిట్లో కెమెరా నీదే. దీపాలూ స్టాండూ మోసేది నీ అన్న. స్టూడియో బోర్డు మీద వాడి పేరు పక్కన నీ పేరు రాయిస్తున్నారు. నువ్వు కెమెరా పట్టుకుని గుమ్మంలో నిలబడేదాకా పెళ్లిరాట పాతరు. ఇక కవరులోంచి నీ అమ్మవారి ఫొటో తీసి చూడు.

నీ పెద్దప్ప,
పుష్పవల్లి