అన్సెల్మో ఆదివారాలు

లుసేనా,
మార్చి 9, 2004.

గౌరవనీయులైన పూరింగ్ వదినగారికి,

మీ మరదలు లియోనీలా నమస్కరించి రాస్తున్నది. నేను ఇక్కడ కులాసా. మీ నాగా ఊళ్లో ఎండలు ముదిరాయని విన్నాను. అన్నయ్యగారి మోకాళ్ల నొప్పులు ఈపాటికి తగ్గి ఉంటాయని తలుస్తాను. మీ తమ్ముడి నలభయ్యో రోజు ప్రార్థన సక్రమంగా జరిగింది. ఫాదర్ గారు భోజనానికి కూడా ఉన్నారు.

మీరు పోయిన ఉత్తరంలో ఒకే మాట అడిగారు. ఆదివారం ఆదివారం మా తమ్ముడు ఎక్కడికి వెళ్లేవాడో కనుక్కో, చిన్నిల్లు ఉంటే ఉందని తెలియడమే మేలు, రేపు ఎవత్తో పిల్లనెత్తుకుని గుమ్మంలోకి వస్తే నవ్వులపాలవుతాం అని రాశారు. కనుక్కున్నాను. చిన్నిల్లు లేదు. మిగతాది వివరంగా రాస్తాను.

కోడిపందేలకని చెప్పి వెళ్లేవారు, నేను నమ్మాను. సాయంత్రం చొక్కాకు పొగ వాసన ఉండేది, బరి దగ్గర చుట్టలు కాలుస్తారు కదా అనుకునేదాన్ని. ఆ బరి యజమాని ప్రార్థనకు వచ్చి, సార్ మా వైపు ఎన్నడూ రాలేదమ్మా అన్నాడు. పక్కనే ఉన్న బస్సు కండక్టరు, సార్ సరియాయ ఊరు దాటాక కలప అడితి దగ్గర దిగేవారు, ఎదురుగా సాలుద్ హోటలు తప్ప అక్కడ ఇంకేమీ లేదు అన్నాడు.

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బస్సెక్కి అక్కడే దిగాను. రేకుల కప్పు, నాలుగు బల్లలు, తలుపులు లేవు. గాజు పెట్టె వెనక కూరల గిన్నెలు, వేలు చూపిస్తే వడ్డిస్తారు. ఆ సాలుద్ నాకంటే పెద్దది. నోట్లో పళ్లు తక్కువ, మాటలు ఎక్కువ. మీ అనుమానం నాకు అక్కడే సగం తీరింది. చింతకాయ పులుసు, అన్నం పెట్టించుకుని ఖాళీ ఉన్నచోట కూర్చున్నాను. అది జీపు డ్రైవర్ల బల్ల.

వాళ్లలో టినోయ్ అనే అతను తన గిన్నె ముందుకు తోసి, "సాలుద్ అత్తా, ఇది చామాకు కూరా, తడిసిన న్యూస్‌పేపరా?" అని అడిగాడు.

"నోరు మూసుకుని తిను. వండేవాడు రాకపోతే నన్నేం చెయ్యమంటావు?" అంది ఆవిడ.

"సెల్మో ముసలాడు ఈ వారం కూడా ఎగ్గొట్టాడా?"

"పెళ్లాం గొళ్లెం పెట్టేసుంటుంది" అన్నాడు ఇంకొకడు. బల్లంతా నవ్వింది.

నేను గరిటెడు పులుసు అన్నంలో పోసుకుని, ఆ సెల్మో ఎవరని తెలియనట్టే అడిగాను. సాలుద్ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఊసుపోక అడిగిన మనిషికి చెప్పినట్టే చెప్పింది.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం మీ తమ్ముడు అక్కడ భోజనానికి ఆగారట. మీ బికోల్ వైపు వంటైన చామాకు కూర నోట్లో పెట్టుకుని, "బికోల్ వాళ్లు చూస్తే నీమీద కేసు పెడతారు" అన్నారట. ఆవిడకు ఒళ్లు మండి గరిటె చేతికిచ్చి, "అంత మొనగాడివైతే నువ్వు వండు, నేను తింటాను" అందట. ఆయన చొక్కా చేతులు మడిచి పొయ్యి దగ్గరకు వెళ్లారట. కొబ్బరిపాలు విరిగిపోయాయట, అడుగంటిందట, తిన్నవాళ్లందరికీ గొంతు దురదట. డ్రైవర్లు ఆయన్ని తిట్టిన తిట్లు నాకు ఒకటి రెండు చెప్పింది కూడా. అవి మీకు రాయలేను.

తరవాతి ఆదివారం మళ్లీ వచ్చారట. ఆ తరవాతా వచ్చారట. కొన్నాళ్లకు కూర కుదిరిందట. ఆ కూర కోసమే ఆదివారం జీపులు అక్కడ ఆగడం మొదలుపెట్టాయట. జీతం ఇస్తానంటే వద్దని, అందరూ తిన్నాక ఓ పళ్లెం పెట్టించుకుని, వాళ్ల మధ్యే కూర్చుని తినేవారట.

వదినా, ఆయన ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకుని తాగని మనిషి. చామాకు కూర నేను ఎన్నడూ వండలేదు, మా వైపు అంత కారం తినరు. కావాలని ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆయన ఏ ఉద్యోగం చేసేవాడో తెలుసా అని అడిగాను. "సర్వే ఆఫీసులో గొలుసు లాగేవాడట" అంది. ప్రొవిన్స్ మొత్తానికి పెద్ద సర్వేయరని నేను చెప్పలేదు.

ఇంట్లో వండుకోక ఇక్కడెందుకు ఈ చాకిరీ అని ఆవిడ ఒకసారి అడిగిందట. దానికి ఆయన, "ఇంట్లో ఏం చేసినా బాగుందంటారు. ఆఫీసులో ముప్పై ఏళ్లు అలాగే అన్నారు. తిట్టేవాళ్లు మీరొక్కరే దొరికారు" అన్నారట. టినోయ్ అది విని, "అంత ముచ్చటైతే రమ్మను, ఇవాళ బాకీ లేకుండా తిడతాను" అన్నాడు.

ఆలోచిస్తే నిజమే. నేను ఆయన్ని వెక్కిరించిన గుర్తు లేదు. మీకూ ఉండకపోవచ్చు. పదేళ్లకే మీ ఇంట్లో ఆయన్ని పెద్దమనిషి అనేవారని మీ అమ్మగారు చెప్పేవారు.

భోజనం ముగించి, ఇంకేమీ చెప్పకుండా బస్సెక్కి వచ్చేశాను. పులుసు పరవాలేదు, పంది మాంసం కొంచెం గట్టిగా ఉంది. ఇంతే సంగతి. మీరిక నిశ్చింతగా ఉండండి. అన్నయ్యగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ మరదలు
లియోనీలా

తా.క. చెప్పకుండా వచ్చేశానని పైన రాశాను. అది అబద్ధం. తిరగరాయడానికి ఓపిక లేదు.

టినోయ్ రమ్మను అనగానే, ఆయన రాడు నాయనా, జనవరిలో పోయాడు, నేను ఆయన భార్యను అన్నాను. గొళ్లెం మాట అన్నవాడు తల దించుకున్నాడు. సాలుద్ లేచి పొయ్యి దగ్గరకు వెళ్లి, ఇటు తిరగకుండానే, కొంచెం అన్నం వెయ్యనా అక్కా అని అడిగింది. వెయ్యమన్నాను. వాళ్లు బాగోలేదన్న చామాకు కూర కూడా వెయ్యమన్నాను.

శవపేటిక దగ్గర నా కళ్లు తడవలేదని మీరు అందరి ముందూ అన్నారు. ఆ మాట తప్పు కాదు, అప్పుడు ఏడుపు రాలేదు. ఆ బల్ల దగ్గర, నోట్లో ముద్ద ఉండగా వచ్చింది. చాలాసేపు ఏడ్చాను. డ్రైవర్లు లేచి వెళ్లకుండా నాతోపాటే తింటూ కూర్చున్నారు. టినోయ్ మాత్రం, "అమ్మా, ఈ కూర చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది" అన్నాడు. నవ్వొచ్చింది.

వచ్చే ఆదివారం కూడా వెళ్తాను. నాగా నుంచి వచ్చే బస్సు ఆ దారినే మనీలా వెళ్తుంది. కలప అడితి అంటే ఆపుతారు.