పదహారు కిలోల బెల్లం

తరిగొప్పుల,
24-2-2012

చిరంజీవి ఊర్మిళను కన్న అవ్వ దీవించి రాసేది. ఇక్కడ బాపు, నాయినమ్మ, నేను, నీ బర్రెదూడ అందరం బాగున్నాం. నువ్వు అక్కడ కడుపునిండా తింటూ బాగుండాలని కోరుకుంటున్నాను. ఈసారి ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు.

మీ హాస్టల్ ఫోనులో రెండు నిమిషాలే మాట్లాడనిస్తారు. ఆ రెండు నిమిషాలూ వెనక నిలబడ్డవాళ్లంతా వింటారు. అందుకే ఉత్తరం. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయినమ్మ మోకాళ్లు కొంచెం నయం. బాపు జనగామలో తెలంగాణ దీక్షా శిబిరానికి వారానికి రెండు రోజులు పోతూనే ఉన్నాడు. చేను ఎవరు చూడాలని అడిగితే "రాష్ట్రం అచ్చినంక చూద్దాం తియ్యి, చేను ఏడికి పోతదే?" అంటాడు. దూడకు ఇంకా పేరు పెట్టలేదు, నువ్వే వచ్చి పెట్టు.

ఇక అసలు ప్రశ్న. వచ్చే నెల బరువులెత్తే రాష్ట్ర పోటీలకు ముందు ఆడపిల్లల బరువులన్నీ గేటు దగ్గర బోర్డు మీద రాస్తారట, పేపరువాళ్లకూ ఇస్తారట, వద్దనాలా ఊరుకోవాలా అని అడిగావు. పోటీ రోజు కాంటా ఎక్కడానికి నీకేం బాధ లేదని కూడా రాశావు. ఆ మాట నాకు నచ్చింది. నీతో పోటీపడే పిల్లకు నీ బరువు తెలియాలి, అది న్యాయం. గేటు ముందు చాయ్ తాగేవాళ్లకు ఎందుకు తెలియాలో మాత్రం నాకర్థం కాలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. సకల జనుల సమ్మె వల్ల వాయిదా పడ్డ పోటీలు డిసెంబరులో జనగామలో పెట్టినప్పుడు, మీటింగుంది రాలేనని చెప్పాను కదా. వచ్చాను. నన్ను చూస్తే నీ ధ్యాస చెదురుతుందేమోనని మగవాళ్ల వెనక నిలబడ్డాను. ఎనభై ఐదు కిలోలు! మన వడ్ల బస్తా డెబ్బై ఐదు కిలోలు, దాన్ని బాపు వీపు మీదికెక్కించడానికి ఇంకొకరు చేయి వేయాలి. నువ్వు ఒక్కదానివే వంగావు, భుజాల దాకా తెచ్చావు, ఆగావు.  ఆ తర్వాత అదంతా నీ తల మీద ఉంది. ఎప్పుడు పైకి పోయిందో చూస్తూ ఉండి కూడా చూడలేకపోయాను. పక్కనున్న ముసలాయన "ఎవలి బిడ్డనో గని, అడిగితె మన రాష్ట్రాన్ని గిట్లనే లేపేటట్టున్నది" అన్నాడు. జనమంతా జై తెలంగాణ అని అరిచారు. నా బిడ్డే అని ఆయనకు చెప్పకుండానే వచ్చేశాను.

పుట్టినప్పుడు నువ్వు రెండు కిలోల వంద గ్రాములు. ఊరి పిల్లలందరినీ తూచే అంగన్‌వాడీ టీచరును, నా బిడ్డ చుక్కనే బరువు చాలదని చార్టులో ఎర్రగీత కింద పెట్టాను. నెలనెలా నిన్ను ఉయ్యాల కాంటాలో వేసి, ముల్లు జరగాలని దేవుళ్లందరికీ మొక్కేదాన్ని. వంద గ్రాములు పెరిగితే వాడకట్టంతా చెప్పుకొచ్చేదాన్ని. నువ్వు బతికి పద్దెనిమిదేండ్లు నిండితే మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని నాయినమ్మ మొక్కింది అప్పుడే. ఆ తల్లికి బంగారమంటే బెల్లం, మనిషి ఎంత బరువుంటే అంత. ఆ రెండు కిలోల ప్రాణంలో నుంచి ఇంత బలం ఎట్లా వచ్చిందా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

ఇంతసేపూ చెప్పలేక తిప్పుకొస్తున్న మాట ఇప్పుడు చెప్తాను. మొన్న జాతరలో మొక్కు తీర్చడానికి నువ్వు బెల్లం దుకాణం ముందు కాంటా ఎక్కావు. ముల్లు అరవై ఎనిమిది మీద ఆగింది. చుట్టూ మన ఊరి ఆడవాళ్లు. డిసెంబరులో పేపర్లో నీ పేరు పక్కన బరువు వేసినప్పటి నుంచి నీళ్ల నల్లా దగ్గర వాళ్లు నవ్వుకుంటూనే ఉన్నారు. పేపరు రాసింది తప్పనుకోవాలని నేను ముల్లుకు అడ్డంగా నిలబడి "యాభై రెండు" అని గట్టిగా చెప్పాను. దుకాణపాయన నన్నొకసారి చూసి యాభై రెండే కట్టాడు. అందరూ ఆ తల్లిని తెలంగాణ అడుగుతుంటే నేను ఆమె ముందు అబద్ధమాడాను. నువ్వు తల వంచుకుని దిగావు.

నీ ఉత్తరం చివర రాశావు: "రాత్రి అన్నం బంద్ చేసిన అవ్వా. యాభై రెండు దాంక దిగితె మంచిగుంటది గదా." ఆ అంకె మీ కోచ్ సారు చెప్పింది కాదు, పేపరు చెప్పింది కాదు. నేను చెప్పింది. ఊరు నవ్వితే ఓర్చుకున్నావు, అవ్వ సిగ్గుపడితే ఓర్చుకోలేకపోయావు. నన్ను క్షమించు బిడ్డా.

నాయినమ్మకు అంతా చెప్పాను. దేవతను మోసం చేశానని తిడుతుందనుకున్నాను. "నా మనుమరాలి పదారు కిలోలు ఏడ పారేసినవే?" అన్నది. "రెండు కిలోల పొల్ల గంత గావాలెననే గద నేను మొక్కింది!" ఏడ్చేశాను.

బుధవారం బాపు, నేను మేడారం పోయివచ్చాం. జనం లేకుండా అమ్మవార్ల గద్దెలను చూడటం నాకదే మొదటిసారి. బెల్లం దుకాణం ఒక్కటే తెరిచి ఉంది, మొన్నటిది కాదు. పదహారు కిలోలు కట్టమన్నాను.

"ఎవలి ఎత్తు బంగారమమ్మా, చిన్నపిల్లదా?" అన్నాడు దుకాణపాయన.

"కాదు, ఎదిగిన బిడ్డది. మొన్న నేను దాచిపెట్టిన బరువు."

"మరి మొత్తం ఎంత?"

"గది ఆమెను అడగాలె. చెప్పబుద్ధయితె చెప్తది."

బోర్డు సంగతి కూడా అంతే. వద్దనిపిస్తే వద్దని మీ సారుకు చెప్పు. వినకపోతే బాపు దీక్షల్లో ఆరితేరి ఉన్నాడు, మీ గేటు ముందూ కూర్చుంటాడు. రాయమనిపిస్తే రాయించు, నేను నల్లా దగ్గర తలెత్తుకునే నిలబడతాను. అన్నం మాత్రం ఈ రోజు నుంచే తిను.

నిన్న పిల్లలు ఇళ్లకు పోయాక, సెంటర్లో గర్భిణులను తూచే కాంటా నేనెక్కాను. ఇరవై ఏండ్ల నౌకరీలో ఊరందరినీ ఎక్కించాను గానీ నేనెప్పుడూ ఎక్కలేదు. నన్నెవరూ అడగలేదు. అయినా మొదట నీకే చెప్పాలనిపించింది.

ఇట్లు,
డెబ్బై నాలుగు కిలోల నీ అవ్వ,
సారమ్మ