లెక్కలూ గహ్వా కప్పూ

జహ్రా, కువైట్, గురువారం రాత్రి

"బాపూ, ఎకనామిక్స్‌ల మస్తు మ్యాథ్స్ ఉంటదట. నాతోని కాదు. డిగ్రీ ఆప్షన్ మార్చుకుంట" అని మా అమ్మాయి స్వప్న నిన్న ఊర్నుంచి ఫోన్లో అంది. ఇంటర్లో లెక్కల్లేని సీఈసీ చదివిన పిల్ల, భయం సహజమే.

పొద్దున మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కూతురు నూరాను కారులో యూనివర్సిటీకి దింపుతూ అడిగాను. ఆమెదీ ఎకనామిక్సే. డిగ్రీకి గ్రాఫులు, శాతాలు, స్టాటిస్టిక్స్, కొంచెం కాలిక్యులస్ వస్తే చాలట. అవీ అక్కడే నేర్పుతారట. పైచదువులకైతే ఇంకా చాలా కావాలట.

సాయంత్రం ఫోన్లో అదే చెప్తే స్వప్న నమ్మలేదు. అప్పుడు నా కొత్తల్లోని సంగతి చెప్పాను. కఫీల్ దివానియాలో, అంటే అతిథుల గదిలో, గహ్వా అనే అరబ్బీ కాఫీ పోస్తుంటే, చాలనుకున్నప్పుడు ఖాళీ కప్పు ఊపాలని తెలియక ఆరు కప్పులు తాగాను. మొదటిదానికి ప్రాణం లేచొచ్చింది. ఆరోది గొంతు దిగలేదు.

స్వప్న నవ్వింది. "గదే బాపూ, ఉపాంత ప్రయోజనం. ఒక్కో కప్పుకు తగ్గుకుంట పోతది. సున్నా అయినకాడ ఆపాలె."

"గసొంటి సున్నా యాడుందో పట్టుకునుడే కాలిక్యులస్ అని పొద్దున నూరా చెప్పింది. నువ్వు నోటితోనే పట్టినవ్" అన్నాను.

స్వప్న డిగ్రీ గట్టెక్కుతుంది, నాకు అనుమానం లేదు. పీజీ అంటే మాత్రం... అప్పటి సంగతి అప్పుడు.

"మరి ఆప్షన్ మారుస్తవా?" అని అడిగాను.

"నేనింక కప్పు ఊపలే బాపూ" అంది.