రెండు వ్యాన్లలో ఒకటి

గౌరి నాన్నకు,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ బడి వ్యాను ఉప్పుగాలికి తుప్పుపట్టి మూలపడింది. ఇంకొకటి కొందామని మీ తమ్ముడితో డాలీగంజ్ వెళ్లాను. అక్కడ రెండు పాత వ్యాన్లున్నాయి. ఒకటి బాగా చవక.

"అదే తీసేసుకో వదినా. సాయంత్రానికి ఎవడో పట్టుకుపోతాడు," అని మరిది తొందరపెట్టాడు.

నా చేతిలో ఉన్నది గాజులమ్మిన డబ్బు. తప్పుచేస్తే మళ్లీ కొనలేను.

"భయ్యా, దీని స్పేరు సామాను ఇక్కడ దొరుకుతాదా?" అని అమ్మేవాణ్ణి అడిగాను.

"మన దీవికి షిప్పులో రావాల దీదీ. నెల పడతాది."

"మూడేళ్లకి అమ్మితే?"

అతను తల గోక్కున్నాడు. "కొనేవోడు దొరకడు."

బండి నెలరోజులు ఆగితే పిల్లలు వేరే వ్యాను ఎక్కుతారు. రెండోదాని సామాను మన ఊరి అబర్డీన్ బజార్‌లోనే దొరుకుతుంది, అమ్మినా ధర పలుకుతుంది. ఖరీదెక్కువైనా అదే కొన్నాను.

మరిది ముఖం మాడ్చుకున్నాడు. "ఇంత పోసి కొన్నావు. డ్రైవరు జీతం ఎక్కడ తెస్తావు?"

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. తాళం తిప్పాను. బండి కదిలింది.

డ్రైవింగ్ నేర్పుతానని పదేళ్లు వాయిదా వేశావు. నువ్వు పోయాక నీ వ్యాను మీదే నేర్చుకున్నాను. మీ తమ్ముడు ఇల్లు చేరేదాకా తలుపు పిడి వదల్లేదు. నేను మాత్రం దారిలో ఎక్కడా ఆపలేదు.

గౌరి అమ్మ