చల్లగది తలుపుకు లోపలి పిడి కోసం

గృహనిర్మాణ పరిశోధనా కేంద్రం సంచాలకుల వారి సముఖమునకు, నమూనా కాలనీ చివరి ఇంట్లో ఉంటున్న దర్జీ పని ఆమె వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చల్లగది తలుపుకు లోపలివైపు చేతి పిడి పెట్టించుట; పగిలిన అద్దం స్థానే రేపు అటువంటి అద్దమే బిగించుటను నిలిపివేయుట గురించి.

1. అర్జీదారు కుటుంబము అనగా నేను, మా అత్తగారు. నా భర్త లారీ మీద ఉంటారు, ఇంటి పట్టున తక్కువ. తమ పరిశోధన నిమిత్తం మట్టి ఇటుకలతో కట్టిన ఇంట్లో షరతులకు లోబడి ఉంటున్నాము. ఇల్లు మంచిదని ముందే మనవి. రేకుల కింద పెనం మీద వేగినట్టు వేగినవాళ్ళం; ఈ గోడలు వేడిని గడప దాటనివ్వవు. ఖాళీ చేయాలన్న కోరిక మాకు లేదు.

2. ఎండవేళ మేము తలదాచుకునేది ఇంట్లోని చల్లగదిలోనే. ఎండ ముదిరితే దాని తలుపు, కిటికీ మోటారుతో వాటంతట అవే మూసుకుంటాయి. గోడలోని చిన్న ఫ్యాను గాలి పంపుతుంది. కరెంటు పోతే సోలారు బ్యాటరీ అందుకుని తలుపు తెరుస్తుందని మీ ఇంజనీరు గారు తాళాలిచ్చిన రోజున చెప్పియున్నారు.

3. మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. బ్యాటరీ అందుకోలేదు. నేను కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి ఫ్యాను చప్పుడు లేదు. చల్లగది తలుపును లోపల్నుంచి గోకుతున్నట్టు వినిపించింది. మా అత్తగారికి ఉబ్బసం. పీల్చే మందు బయట నా మిషను మీద ఉంది.

4. అయ్యా, మా అత్తాకోడళ్ళది ఉప్పూ నిప్పూ వ్యవహారమని కాలనీ అంతటికీ తెలుసు. ఆ ఉదయం కూడా మాటా మాటా అనుకుని ఉన్నాము. తలుపు లాగాను, కదల్లేదు. మీ కేంద్రానికి ఫోను చేశాను.

"సిస్టంలో తలుపు తెరిచే ఉందమ్మా."

"సిస్టంలో కాదు బాబూ, ఇంట్లో మూసి ఉంది!"

"మనిషిని పంపుతాం. ఏమీ పగలగొట్టకండి, రీడింగులు పోతాయి."

పెరట్లోకి పరుగెత్తాను. కిటికీ అద్దంలోంచి చూస్తే ఆమె నేల మీద చతికిలబడి ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి చెయ్యెత్తారు. రమ్మంటున్నారో పొమ్మంటున్నారో తెలియలేదు. ఇస్త్రీపెట్టె తెచ్చి కొట్టాను. అద్దం పగిలింది, దాని వెనక ఇంకో అద్దం. రెండు పొరలని నాకేం తెలుసు! "అత్తయ్యా, మొహం అటు తిప్పుకోండి!" అని అరుస్తూ మళ్ళీ మళ్ళీ కొట్టాను.

కిటికీలోంచి అందించిన మందు పీల్చాక, చాలాసేపటికి, ఆమె నోట వచ్చిన మొదటి మాట: "ఏదీ, చెయ్యి చూపించు. గాజు దిగింది." కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఇది పరిశోధనకు సంబంధించని సంగతి, కొట్టివేయగలరు.

5. నేను ప్రయోగ సామగ్రికి నష్టం కలిగించితినని నిన్న తాఖీదు వచ్చింది. రేపు అదే రకం అద్దం బిగిస్తారట. అడ్డుపడితే ఇల్లు ఖాళీ చేయాలట. ఎందుకు పగలగొట్టానో అందులో ఒక్క ముక్క లేదు. ఇంజనీరు గారిని అడిగాను.

"పిడి పెడితే ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తెరుస్తారు. చల్లదనం లెక్క ఎలా తేలుతుందమ్మా?"

"లోపల మనిషి పోతే ఏ లెక్క తేలుతుందండీ?"

 ఆయన చెడ్డవారు కారు. "నా చేతిలో లేదు, పైకి రాయండి" అన్నారు. రాస్తున్నాను.

కావున ప్రతి ఇంటి చల్లగదికీ కరెంటుతో పనిలేని పిడి పెట్టించి, అంతవరకు తలుపుల మోటార్లు ఆపించవలెను. లేనిచో రేపు మీ మనుషులు వచ్చేసరికి అత్తాకోడళ్ళం ఇద్దరం ఆ కిటికీకి అడ్డంగా నిలబడి ఉంటాము. ఇది బెదిరింపు కాదు, ముందస్తు సమాచారము. తమరు చిత్తగించి, తెల్లారేలోగా ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయురాలు,
చివరి ఇంటి దర్జీ

తా.క. దీన్ని ఇంజనీరు గారి చేతికి ఇస్తుండగానే మళ్ళీ కరెంటు పోయింది. పక్కింటి బాలింత, పసిబిడ్డ వాళ్ళ చల్లగదిలో ఉండిపోయారు. ఆ ఇంటి బ్యాటరీ కూడా అందుకోలేదు. మేమంతా అరుస్తుంటే ఇంజనీరు గారే గునపంతో తలుపు పెకలించారు. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు విని మాకు ఊపిరొచ్చింది. ఇద్దరూ క్షేమం. ఆయన మా గడప మీద కూర్చున్నారు, అత్తయ్య మంచినీళ్ళు తాగిస్తున్నారు. అర్జీ కింద తనూ సంతకం పెడతానంటున్నారు. కలం ఇచ్చాను గానీ ముందు నీళ్ళు పూర్తిగా తాగమంటున్నారు అత్తయ్య. కొంచెం ఆగి పెట్టించి పంపుతాను.