వెనక బెంచీ పెద్దమనిషి

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. పూర్తిగా కాదు, సగమే. మిగతా సగం నీ జవాబు చూశాక.

ఫోనులో అయితే నా గొంతు పెరుగుతుంది, వెంటనే నీకు సిగ్నల్ పోతుంది. అందుకే ఉత్తరం. కాగితానికి సిగ్నల్ పోదు.

మా వృత్తి విద్యా కాలేజీలో ప్లంబింగ్ మాస్టారు రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. శాఖకు పెద్దను కాబట్టి నా పాఠాలతో పాటు ఆయన పాఠాలూ నేనే లాగుతున్నాను. మేమడిగింది ఒక మనిషిని. మీ నియామకాలు, శిక్షణ విభాగం పంపింది రెండు రోజుల తర్ఫీదు: తరగతిలో చిరునవ్వు ప్రాముఖ్యం. లేని మాస్టారు ఎలా నవ్వాలో కూడా చెప్పి ఉంటే ఇంకా బాగుండేది.

ఎవరూ రావడం లేదంటారు. ఎందుకొస్తారయ్యా? బయట చేతినిండా పని ఉన్న ప్లంబరు మీ కాంట్రాక్టు షరతులు వింటే దండం పెట్టి వెళ్ళిపోతాడు. సెలవులొస్తే ఉద్యోగం ఊడుతుంది, బడి తెరిస్తే మళ్ళీ మొలుస్తుంది. అది ఉద్యోగమా, పుట్టగొడుగా? పుస్తకం పట్టుకుని పాఠం చెప్పేవాడిని 'సార్' అంటారు, పానా పట్టుకుని చెప్పేవాడిని 'ఏమయ్యా' అంటారు. కొళాయిలో నీళ్ళు రానప్పుడు మాత్రం ఆ 'ఏమయ్యా' కోసమే వీధంతా వెతుకుతారు.

ఇప్పుడొక ఉత్తర్వు వచ్చింది. పరీక్షలలోపు మాస్టారు దొరక్కపోతే శాఖ మూసేస్తారట. సగం చదువులో ఉన్న పిల్లల్ని టైపింగులో కలుపుతారట. పైపు బిగించడం నేర్చుకుంటున్న చేతులు రేపట్నుంచి ఏం టైపు చెయ్యాలి? మాకు మాస్టారు కావాలి అనా?

మనిషిని పంపు. సిఫారసు మనిషిని మాత్రం పంపకు.

కోపంగా ఉన్న
అక్క

తా.క.: చిరునవ్వు తర్ఫీదు ఇచ్చినాయన రెండు రోజుల్లో ఒక్కసారి కూడా నవ్వలేదు. చివరికి జాలేసి నేనే నవ్వాను. హాజరు వేసుకున్నాడు.

*

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నావి పూర్తివే.

నీ గోడు ఆలకించాం. ప్రకటన ఇచ్చాం, ఒకాయన ముందుకొచ్చాడు. ఏళ్ళ తరబడి కట్టడాల్లో గొట్టాల పని చేసినవాడు. సోమవారం వస్తాడు. సరాసరి తరగతిలోకి వెళ్ళమని చెప్పాను. కొత్త నిబంధన ప్రకారం నువ్వు పేరడగకూడదు. పేరడిగితే ఊరు తేలుతుంది, ఊరడిగితే చుట్టరికం తేలుతుంది. సిఫారసు వద్దన్నావుగా, అందుకే ఈ నిబంధన నేనే రాశాను. ముందు పాఠం, తర్వాతే పరిచయం.

ఇంకో సంగతి. శాఖ ఉంచాలా మూయాలా అన్నది తేల్చడానికి మా పెద్దసారు స్వయంగా వస్తున్నారు, అదీ ఆ వారంలోనే. దానికీ నిబంధన ఉంది. పరిశీలకుడు వెనక కూర్చుంటాడు. తానెవరో చెప్పడు, పాఠం మధ్యలో మాట్లాడడు. నువ్వు పలకరించకూడదు. పలకరించావా, పరిశీలన రద్దు. తన ముందు అందరూ నటిస్తున్నారని పెద్దసారుకు అనుమానం. మాస్టర్లకు ఎలా బోధించాలో నేర్పే పుస్తకం రాసింది ఆయనే.

ఆయన ముందు దయచేసి గొడవపడకు. నీ శాఖ ప్రాణం ఆయన చేతిలో ఉంది.

నీ తమ్ముడు

తా.క.: పెద్దసారుకు వీపు ఆనించుకునే కుర్చీ లేకపోతే నడుం పట్టేస్తుంది. వెనక బెంచీ దగ్గర ఒక కుర్చీ వేయించు. నేను చెప్పానని ఎవరికీ చెప్పకు, అది నేను రాసిన నిబంధనకే విరుద్ధం.

*

తమ్ముడికి,

ముప్పావు వంతు దీవెనలు. ఇద్దరూ వచ్చారు. సోమవారమే, ఒకరి వెనక ఒకరు.

మొదట మీ పెద్దసారు. చప్పుడు చెయ్యకుండా వచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. మీ నిబంధన కదా, నేను కన్నెత్తి చూడలేదు. అయినా చూశాననుకో. అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఫైళ్ళు ఇంత బరువుంటాయని నాకు తెలియదురా. మీ ఆఫీసు గురించి ఇన్నాళ్ళూ తక్కువగా అనుకున్నాను.

తర్వాత నీ ప్లంబరు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. గుమ్మంలోంచి ఎటూ చూడకుండా నేరుగా నల్లబల్ల దగ్గరికి వచ్చి, పిల్లలకేసి తిరిగి నిలబడ్డాడు. ధైర్యం ఉందిలే అనుకున్నాను. ఏదో చెప్పబోయాడు. పరిచయాలు తర్వాత, ముందు పాఠం కానివ్వండి అన్నాను. నోరు తెరిచాడు, ఏదో గుర్తొచ్చినట్టు మూసుకున్నాడు. చుట్టూ చూసి, పాఠం మొదలుపెట్టాడు.

ఏం పాఠమనుకున్నావు? పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, "కొళాయి అనగానే మీ మనసులో ఏం మెదులుతుంది?" అన్నాడు. ఒకడు, నీళ్ళు రావు సార్ అన్నాడు. ఆ జవాబు బోర్డు మీద రాశాడు. చెప్పేవాడికి వినేవాళ్ళు లోకువంటారు గానీ, ఇక్కడ వినేవాళ్ళకే చెప్పేవాడు లోకువయ్యాడు. నేనుండబట్టలేక, మాటలు చాలు, ఆ కొళాయికి వాషరు మార్చి చూపించండి అన్నాను. మెయిన్ వాల్వు కట్టకుండానే కొళాయి విప్పాడు.

తమ్ముడూ, నీళ్ళు పైకప్పు తాకాయి. పిల్లలు బల్లల కిందికి దూరారు. ఆయన మాత్రం ఆ ధారకు చెయ్యి అడ్డం పెట్టి, నిండా తడుస్తూ అక్కడే నిలబడ్డాడు. అప్పుడు మీ పెద్దసారు వెనక నుంచి లేచి, కిటికీ కింది వాల్వు కట్టేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మీ ఆఫీసులో వాల్వు ఎక్కడుంటుందో తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నందుకు సంతోషం.

అక్క

తా.క.: తడిసినాయన వెళుతూ, ఈ తరగతిని ఎవరైనా పరిశీలిస్తున్నారా అని అడిగాడు. పరిశీలిస్తున్నారు, చాలా పైవాళ్ళు, అన్నాను. పాపం, మొహం పాలిపోయింది.

*

అక్కకు,

నమస్కారాలు.

పెద్దసారు వాల్వు కట్టారా! ఆయనింట్లో కొళాయి కారుతుంటే కింద బకెట్ పెట్టి, బకెట్ నిండితే ఇంకో బకెట్ పెడతారని వాళ్ళావిడ చెబుతుంటారు. మనుషుల్లో ఎన్ని పొరలుంటాయో. సెలవు పెట్టారు, జలుబట. పరిశీలనలో అంత జలుబు ఎలా చేసిందని అడిగే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు.

ప్లంబరు సంగతే నాకు అంతుబట్టడం లేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాడు వాల్వు మరిచిపోతాడా? నలుగురి ముందు నిలబడేసరికి బుర్ర పనిచెయ్యలేదేమో. వదిలెయ్యకు. వేరే ఎవరూ లేరు. నెత్తిన కొట్టకుండా నేర్పు. మాస్టర్లను తయారుచెయ్యరు, ఏరుకోవాలని చూస్తారు అని మమ్మల్ని తిడతావుగా, ఇప్పుడు తయారుచేసి చూపించు.

నీ తమ్ముడు

తా.క.: పెద్దసారు బెంచీ మీద కూర్చున్నారంటే నడుం నయమైనట్టే. ఏ మందు వాడారో కనుక్కుందామంటే నువ్వు పలకరించకూడదాయె.

*

తమ్ముడికి,

ఈసారి దీవెనలు ఎంతో నాకే తేలడం లేదు. కోపంగా ఉన్నాను, కానీ ఎవరి మీదో తెలియడం లేదు. నా జన్మలో ఇలా జరగలేదు.

నీ ప్లంబరు జలుబు తగ్గగానే మళ్ళీ వచ్చాడు. పాత చొక్కాతో వచ్చాడు, అదే నాకు నచ్చింది. పిల్లలు వెళ్ళాక కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు పిల్లల మొహాలు చూడకుండా గోడకు పాఠం చెబుతున్నారు, చెయ్యని పని గురించి మాట్లాడుతున్నారు అన్నాను. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కుర్చీ నా వైపు జరుపుకుని, "నా పాఠం ఎలా ఉందో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. రోజూ రమ్మన్నాను. వాషరు మార్చడం వచ్చేసింది. పిల్లలు 'వాన సారు' అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

అసలు తంటా మీ పెద్దసారుతో. రోజూ వస్తున్నాడు. జాయింటు కుదరని పిల్ల ఒకతి వెనక్కి వెళ్ళి చూపించింది. ఆయన గుసగుసగా ఏదో చెప్పాడు, కుదిరింది. మర్నాడు నలుగురు వెళ్ళారు. ఇప్పుడు సగం తరగతి నాకు వీపు పెట్టి కూర్చుంటోంది. పరిశీలకుడు మాట్లాడకూడదని రాసింది మీరేగా? దీని మీద నీకు ఫిర్యాదు రాద్దామని, ఏం చెబుతున్నాడో వినడానికి చెవి అటు పారేశాను. వినేసరికి ఫిర్యాదు మరిచిపోయాను. పిల్ల తప్పు చేస్తే తిట్టడు, తను ఎలా తప్పు చేశాడో చెబుతాడు. ముందుకొచ్చి చెప్పమని పిల్లలు లాగితే మాత్రం ఒకసారి వచ్చి, బోర్డుకేసి తిరిగి, నోట మాట రాక మళ్ళీ వెనక్కి పోయాడు.

నా మాట విను. ఆయన్ని మాకిచ్చెయ్యండి. బదులుగా వాన సారును మీ ఆఫీసులోకి తీసుకోండి. మాట తీరు చూస్తే అక్కడ బాగా రాణిస్తాడు.

అక్క

తా.క.: నిన్న పెద్దసారు నిబంధన తప్పి, నా దగ్గరికి వచ్చి "మేడమ్, నా వంతు ఎప్పుడండీ?" అని అడిగాడు. నన్నే పరీక్షిస్తున్నాడని గ్రహించి, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు ఊరుకున్నాను. ఆయన దిగులుగా వెళ్ళి కూర్చున్నాడు. నటన అంటే అదీ.

*

అక్కకు,

నమస్కారాలు. ముందు కూర్చో. వీపు ఆనించుకునే కుర్చీలో కూర్చో.

నీ ఉత్తరం చదివి, పెద్దసారును అభినందిద్దామని ఆయన గదిలోకి వెళ్ళాను. చొక్కా చేతికి తుప్పు మరక. బల్ల మీద, ఫైళ్ళ పక్కన, కొత్త పానా. నన్ను చూసి, వాషరును ఇంగ్లిషులోనూ వాషరే అంటారా అని అడిగారు. నీ ఉత్తరం జేబులోంచి తీసి మళ్ళీ చదివాను.

అవును, వాన సారే మా పెద్దసారు. తానెవరో చెప్పకూడదన్నది నిబంధన. పాఠం కానివ్వమన్నది నువ్వు. రెండింటి మధ్యా ఆయన తడిసిపోయారు.

వెనక బెంచీ మనిషి ప్లంబరు. తరగతిలోకి వెళ్ళమన్నాను, వెళ్ళాడు. చిన్నప్పుడు బడిలో ఆయనకు దొరికిన చోటు అదే, కాళ్ళు అటే నడిచాయి. మా సారు పుట్టి బుద్ధెరిగాక వెనక కూర్చున్నది లేదు, ఆయన కాళ్ళు బోర్డు దగ్గరికి నడిచాయి. అందులో వాళ్ళ తప్పేం లేదు. కానీ అక్కా, కాయకష్టం గురించి ఇంటిల్లిపాదికీ పాఠాలు చెప్పేదానివి, కాయలు కాసిన ఆ చేతులు చూసి ఫైళ్ళనుకున్నావు చూడు! నువ్వు చేతులు చూడలేదు, కూర్చున్న చోటు చూశావు. ఈ ఒక్క మాట అనడానికి నలభై ఏళ్ళుగా కాచుకున్నాను. సిగ్నల్ ఉంది, కావాలంటే ఫోన్ చేసి తిట్టు.

శాఖ మూయడం లేదు. ఆ ప్లంబరుకు ఉద్యోగం ఇచ్చేశారు, పుట్టగొడుగు ఉద్యోగం కాదు, సెలవుల్లో కూడా ఉండేది. వెంటనే వెళ్ళి ఆయన్ని పలకరించు, పాపం, ఇంకా తన వంతు కోసమే ఎదురుచూస్తున్నాడు. ముందు నిలబడలేకపోతే బెంచీలే అటు తిప్పెయ్యమని పెద్దసారు అన్నారు. బోధన పుస్తకం రాసినాయన నోట నేను విన్న మొదటి పనికొచ్చే మాట అది. మంగళవారాలు తనూ వస్తారట, నేర్చుకోవడానికి. ఎవరికీ చెప్పవద్దన్నారు, అందుకే నీకు మాత్రమే చెబుతున్నాను.

ఇక అసలు దెబ్బ. మాస్టర్లకు నిబంధనలు రాసేవాళ్ళు ముందు ఒక వారం తరగతిలో పాఠం చెప్పి, వెనక కూర్చున్నవాళ్ళ చేత మాట పడాలట. మొదటి పేరు ఎవరిదని అడక్కు. పాతికేళ్ళుగా నియామకాల విభాగంలో ఉన్నాను, ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు. సోమవారం నీ తరగతికి వస్తున్నాను. వెనక బెంచీలో నువ్వు, ప్లంబరు మాస్టారు, పెద్దసారు కూర్చుంటారట.

పరిశీలకులు మాట్లాడకూడదన్న నిబంధన మొన్ననే రద్దయింది. వాన సారు తప్పులు మొహం మీదే చెప్పి, దాన్ని రద్దు చేయించింది ఎవరో నాకు తెలుసు.

భయంతో,
నీ తమ్ముడు

తా.క.: ఆ వాల్వు కిటికీ కింద కుడి పక్కనా, ఎడమ పక్కనా? కట్టాలంటే ఎటు తిప్పాలి?